రాళ్ళ ఊరికి తెచ్చిన రోలు

నాచారంలో మా ఇల్లు పోయిన నెల బిల్డరు చేతికి ఇచ్చేశాం. అక్కడ ఐదంతస్తులు లేస్తాయట, మాకు రెండు ఫ్లాట్లట. తమ్ముడు శీను నాగోల్ నుంచీ, నేను ఉప్పల్ నుంచీ వారం రోజులు వచ్చిపోతూ సామాను తేల్చాం. మంచాలూ బీరువాలూ ఎవరికి కావాలి ఈ రోజుల్లో? ఊరికే ఇస్తామన్నా తీసుకెళ్ళే నాథుడు లేడు. అలాంటిది, పెరట్లో సగం భూమిలో దిగబడి ఉన్న రుబ్బురోలుకి మాత్రం పోటీ వచ్చింది. ముందు కాకినాడ నుంచి ఫోన్. మా నాయనమ్మ తోటికోడలి మనవడు, నాకు అన్నయ్య వరస. కొత్తగా ఇల్లు కట్టుకున్నాడు, వాకిట్లో మొక్కల మధ్య పెట్టుకుంటాడట. "అది తాతమ్మ రోలమ్మా. మీ నాయనమ్మ ఉన్నన్నాళ్ళూ మేం నోరెత్తలేదు. ఇప్పుడైనా మా ఇంటికి రానివ్వండి" అన్నాడు. నిజమే కదా అనిపించి సరే అనేశాను. ఆదివారం లారీ పంపిస్తానన్నాడు.

పక్కింటి బాలమణత్తకి ఆ మాట చెప్పినప్పుడు ఆవిడ మొహం పాలిపోయింది. ఎనభై దాటిన మనిషి, అరుగు మీద కూర్చుని గోరుచిక్కుడు ఈనెలు తీస్తోంది. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. "గంత దూరం ఎందుకు బిడ్డా పంపుడు? ఈడనే ఉండనియ్యరాదు?" అంది. "వాళ్ళ రాయి కదత్తా, వాళ్ళకే పోనీ" అన్నాను. చేతిలో కాయని గిన్నెలో పడేసింది. గట్టిగా, "పొత్రం అయితే నేనియ్య. ఎవరొచ్చి అడిగినా ఇయ్య" అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. రోలు కాకినాడలో, పొత్రం నాచారంలో ఉంటే ఎవరికి లాభం? పెద్దవాళ్ళ చాదస్తం అనుకుని ఇంటికొచ్చేశాను. అసలు మా ఇంటి రోటి పొత్రం ఆవిడింట్లో ఎందుకుందో చెప్పాలంటే మా నాయనమ్మ దగ్గర మొదలుపెట్టాలి.

నాయనమ్మ పేరు వెంకాయమ్మ. తొంభై ఆరేళ్ళు బతికి పోయినేడు వెళ్ళిపోయింది. చివరి వారం దాకా తన జడ తనే వేసుకుంది, తన కంచం తనే కడుక్కుంది, కనబడినవాళ్ళందరికీ పేర్లు తనే పెట్టింది. మా నాన్నకి ఇక్కడ ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చిన కొత్తలో, "పిల్లాడికి వండిపెట్టి, కోడలు పురిటినుంచి రాగానే వెళ్ళిపోతాను, మూడు నెలలే" అని గోదావరి పక్కనుంచి బయల్దేరి వచ్చిందట. ఆ పురిట్లో పుట్టింది నేనే. ఇప్పుడు నాకు మోకాళ్ళ నొప్పులు. ఆవిడ మూడు నెలలు మాత్రం పూర్తి కాలేదు. "ఈ వేసంగి వెళ్ళాక వెళ్ళిపోతా", "ఈ చంటిది నడిచాక వెళ్ళిపోతా" అంటూనే ఈ ఊళ్ళో ఒక జీవితకాలం గడిపేసింది. అయినా హైదరాబాదుని ఒక్కసారైనా మన ఊరు అన్న పాపాన పోలేదు. ఇక్కడి వంకాయకి కండ లేదు, వానకి నిలకడ లేదు, పెరుగుకి పరువు లేదు. నీళ్ళయితే సరేసరి. కుండలో పోసి, గుడ్డ కట్టి, తేటపడ్డానికి ఇండుపగింజ అరగదీసి, ఇన్ని మర్యాదలు చేశాక ఒక గుక్క తాగి, "ఆ, నీళ్ళలాగే ఉన్నాయిలే" అనేది.

ఆవిడ దృష్టిలో మా ఇంట్లో అసలైన వస్తువు ఒకటే, ఆ రోలు. అది వాళ్ళ అత్తగారిది. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు దానికోసం ఇద్దరు తోటికోడళ్ళూ మాటామాటా అనుకున్నారట. మిగతావన్నీ నువ్వే తీసుకో, రోలు మాత్రం నాది, కంటికి రెప్పలా చూసుకుంటాను అని మా నాయనమ్మ పదిమందిలో అని మరీ సాధించుకుంది. ఆ మాట అన్నాక దాన్ని వదిలి ఎలా వస్తుంది? లారీ ఎక్కించింది. డ్రైవరు తల పట్టుకుని, "అమ్మగారూ, హైదరాబాదుకి రాయి తీసుకెళ్తున్నారా? అక్కడ ఉన్నవి చాలవా?" అన్నాడట. ఆ లారీ దిగేసరికి గోడ పక్కనుంచి చూస్తున్న బాలమణత్త కూడా అదే మాట: "ఏందక్కా గిది, రాళ్ళ ఊరికి రాయి మోసుకొస్తివి?" పాపం ఆవిడ తప్పేముంది? అప్పటి నాచారం నిండా గుట్టలూ బండలే. ఇంటికి పునాది తవ్వాలన్నా ముందు బండని బతిమాలుకోవాలి. బాలమణత్త భర్త మల్లయ్య మామ పనే రాతిపని. పొద్దున్నే సుత్తీ ఉలీ సంచిలో వేసుకుని బండల వైపు వెళ్ళేవాడు. సాయంత్రం వచ్చేసరికి కనుబొమలు కూడా తెల్లగా ఉండేవి. మనిషి మాట తక్కువ, పని ఎక్కువ.

నా చిన్నతనానికి గడియారం ఫ్యాక్టరీ సైరనే. మొదటి సైరన్‌కి నాన్న స్నానం, రెండో సైరన్‌కి సైకిలు, మధ్యాహ్నం సైరన్‌కి నాయనమ్మ నానబెట్టిన పప్పు కడగడం. నాలుగు కాగానే బాలమణత్త తన పప్పు గిన్నె చంకలో పెట్టుకుని పెరటి గోడ సందులోంచి వచ్చేది. ఒకరు రుబ్బితే ఒకరు తోసేవాళ్ళు. మినప్పిండి వాసన, గాలి ఇటు తిరిగితే మందుల ఫ్యాక్టరీ వాసన, రెండూ కలిసి వస్తేనే నాకు ఇప్పటికీ ఇల్లు గుర్తొస్తుంది. చెయ్యి ఆగేది కాదు, నోరూ ఆగేది కాదు. "నువ్వు పచ్చిమిర్చి ఎంతేస్తవో నాకెర్కలేదా అక్కా, కన్నీళ్ళు పెట్టించి రుచి అంటవ్" అని ఆవిడ. "మీ జొన్నరొట్టె నమిలేసరికి నాకు పళ్ళూడిపోతాయే తల్లీ" అని ఈవిడ. ఊరు మీద ఎన్ని వంకలు పెట్టినా జొన్నరొట్టెలు ఆవిడింటి నుంచి వస్తే నాయనమ్మ రెండు తినేది, మూడోదానికి మాత్రం వద్దంటూ చెయ్యి చాపేది. ఏడాదికోసారి మల్లయ్య మామ వచ్చి రోటికి గంట్లు కొట్టేవాడు. గంట్లు అరిగితే పప్పు జారిపోతుంది, నలగదు. వీధిలో "రోళ్ళకు గంట్లు కొడతాం" అని అరిచేవాళ్ళు ఎంతమంది వెళ్ళినా నాయనమ్మ పిలిచేది కాదు. మల్లయ్య మామ చెయ్యి పడితేనే.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మల్లయ్య మామ పోయాడు. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరిందన్నారు. దవాఖానాకి రోజూ క్యారేజీ మోసింది మా నాయనమ్మే. బాలమణత్త నెల రోజులు గడప దాటలేదు. ఆ తర్వాత మళ్ళీ మొదటిసారి చంకలో పప్పు గిన్నెతో గోడ సందులోంచి వచ్చిన రోజు నాయనమ్మ తన పీట ఇచ్చి తను కింద కూర్చుంది. అలాంటివాళ్ళు నాలుగు నెలలు తిరక్కుండా విడిపోతారని ఎవరైనా అనుకుంటారా?

కాకినాడ నుంచి నాయనమ్మ తోటికోడలు వచ్చింది. మేం ఆవిడని చిన్ననాయనమ్మ అనేవాళ్ళం. వచ్చింది కీసరగుట్ట మొక్కు పేరు చెప్పి, చూసింది మాత్రం మా ఇంట్లో ప్రతి గిన్నె అడుగూ తిరగేసి. సాయంత్రం పెరట్లోకి వచ్చింది. బాలమణత్త రుబ్బుతోంది, నాయనమ్మ తోస్తోంది, నేను పక్కనే లెక్కలు చేసుకుంటున్నాను. చిన్ననాయనమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని రోటి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "అక్కా, మన రోలు ఇంత తెల్లగా ఉండేది కాదే! అత్తగారిది నల్లటి రాయి కదా!" అంది.

నాయనమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత గొంతు లేచింది. "నీళ్ళు మారితే మనుషులే రంగు మారిపోతున్నారు, రాయి మారదా? కళ్ళజోడు పెట్టుకుని చూడు. ఈ గుంట చూడు, ఈ నునుపు చూడు. ఇలాంటి పని మనవైపే చేస్తారు. ఇక్కడివాళ్ళకి రోలు చెక్కడం ఏం తెలుసు? పునాదులకి బండలు పగలగొట్టుకోవడం తప్ప ఉలి పట్టడం వచ్చా వీళ్ళకి?"

బాలమణత్త రుబ్బడం ఆపేసింది. నేను చూస్తూనే ఉన్నాను. నోరు తెరిచింది, ఏదో అనబోయింది, నాయనమ్మ మొహంలోకి చూసి మూసేసింది. లేచి, పొత్రానికి అంటిన పిండిని వేళ్ళతో నెమ్మదిగా తీసి రోట్లో వేసింది. చెంబుతో నీళ్ళు పోసి పొత్రాన్ని కడిగింది. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకుని, గోడ సందులోంచి వాళ్ళింటికి వెళ్ళిపోయింది. పిండి సగం నలిగి, సగం గింజలుగా రోట్లోనే ఉండిపోయింది. "ఇదేం మనిషే! మన పొత్రం ఎత్తుకుపోతోంది, నువ్వు చూస్తూ కూర్చున్నావేంటి?" అని చిన్ననాయనమ్మ గోల. ఓసి నీ ఇల్లు బంగారం గానూ అని లేచి నలుగురినీ పిలవాల్సిన నాయనమ్మ, పమిటతో చేతులు తుడుచుకుంటూ అలాగే కూర్చుంది.

ఇరవై రోజులు మా ఇంట్లో ఇడ్లీ లేదు, అట్టు లేదు, రోటి పచ్చడి లేదు. అమ్మ ఉప్మా తర్వాత ఉప్మా చేసింది. నాన్న పళ్ళెం చూసి, "ఫ్యాక్టరీ క్యాంటీనే నయం" అని గొణిగాడు. చిన్ననాయనమ్మ వెళ్ళిపోయింది, ఇల్లు తేలికపడలేదు. నన్ను రెండుసార్లు రాయబారం పంపారు. బాలమణత్త నా తల నిమిరి, చేతిలో బెల్లంముక్క పెట్టి, "మీ నాయనమ్మను రమ్మను బిడ్డా" అంది. ఇంటికొచ్చి చెబితే నాయనమ్మ, "నాకేం పని? ఊళ్ళో రాళ్ళకి కరువా?" అంది. అంటూనే పెరటి గోడ సందువైపు చూసింది. ఎప్పటిలాగే పప్పు నానబోసేది, పొత్రం లేక రుబ్బలేక మర్నాడు పొద్దున్నే ఎదురింటి గేదెకి పెట్టించేది. ఆవిడ సరిగ్గా తినడం లేదని అమ్మ నాన్నతో చెప్పడం నేను విన్నాను. ఈ ఊళ్ళో నాయనమ్మకి కొడుకూ కోడలూ మేమూ ఉన్నాం గానీ, మాట్లాడుకోవడానికి ఉన్నది బాలమణత్త ఒక్కతే. ఆ తోడు పోతే మూడు నెలలన్న మాట నిజం చేసి గోదావరి బండెక్కేస్తుందేమోనని నాకు భయం పట్టుకుంది. నాయనమ్మ లేని ఇల్లు ఎలా ఉంటుందో తలుచుకుని దుప్పటి కప్పుకుని ఏడ్చాను కూడా.

ఇరవై ఒకటో రోజు పొద్దున్న, రెండో సైరన్ అయ్యాక, నాయనమ్మ తలంటుకుని ఉతికిన చీర కట్టుకుని, నానిన పప్పు గిన్నె పట్టుకుని వీధి తలుపులోంచి బయల్దేరింది. గోడ సందులోంచి కాదు, పేరంటానికి వెళ్ళినట్టు వీధిలోంచి. నేను వెనకాలే పరిగెత్తాను. వాళ్ళు నన్ను గుమ్మం బయటే ఉంచి తలుపేసుకున్నారు. లోపల ఏం మాట్లాడుకున్నారో తెలీదు. ఒక ఏడుపు వినబడింది, కాసేపటికి రెండో ఏడుపు దానికి తోడైంది. తర్వాత ముక్కులు చీదుకున్న చప్పుడు, ఆ తర్వాత నవ్వు. తలుపు తీసేసరికి బాలమణత్త చంకలో పొత్రం ఉంది. ఆ సాయంత్రం రుబ్బుడు అయ్యాక ఆవిడ పొత్రం కడిగి అక్కడే పెట్టబోతే, నాయనమ్మే దాన్ని ఎత్తి ఆవిడ చేతుల్లో పెట్టింది. "అది నీ దగ్గరే ఉండనీ. రుబ్బుకునేప్పుడు పట్టుకురా" అంది. ఇదేంటని నేనడిగితే, "పెద్దవాళ్ళ విషయాలు నీకెందుకే, లెక్కలు చేసుకో" అని కసిరింది.

అలా మొదలైన ఏర్పాటు మరి ఆగలేదు. రోలు మా ఇంట్లో, పొత్రం వాళ్ళింట్లో. ఒకరు లేకుండా ఒకరు గారెల పిండి కూడా రుబ్బుకోలేరు. నాన్న గ్రైండరు కొనుక్కొస్తే నాయనమ్మ దానికి హోరుపెట్టె అని పేరు పెట్టి, దాని మీద గుడ్డ కప్పి, గుడ్డ మీద పంచాంగం పెట్టుకుంది. మల్లయ్య మామ పోయాక రోటికి గంట్లు కొట్టేవాళ్ళు లేరు. ఎవరినైనా పిలుద్దామంటే, "వద్దు, దాని మీద ఇంకొకరి ఉలి పడకూడదు" అనేది. నునుపెక్కిన రోట్లో గంట పట్టే పప్పు రెండు గంటలు పట్టేది. రుబ్బేవి చిన్న గిన్నెలయ్యాయి, తర్వాత పిడికెడయ్యాయి, చివరికి ఇద్దరూ రోటికి అటూ ఇటూ ఊరికే కూర్చుని కబుర్లాడుకోవడం అయింది. అయినా పొత్రం రావాలి, పోవాలి. మోసే ఓపిక పోయాక బాలమణత్త కోడలు మోసేది, కసురుకుంటూనే. నాయనమ్మ మంచం పట్టిన వారం రోజులూ అడిగింది ఒకటే: "బాలమణీ, పొత్రం ఉందా?" "ఉన్నదక్కా, భద్రంగున్నది." మందులకి కూడా ఆ మాటంత గుణం కనబడలేదు.

ఇక ఆదివారం సంగతి. లారీ మధ్యాహ్నం వస్తుందన్నారు. పొద్దున్నే ఇద్దరు పనివాళ్ళు గడ్డపారలతో దిగారు. శీను ఫోన్లో వీడియో తీస్తున్నాడు. బాలమణత్త కోడలి భుజం పట్టుకుని గోడ సందులోంచి వచ్చి, నాయనమ్మ పీట మీద కూర్చుంది. "పొత్రం తెచ్చావా అత్తా?" అన్నాను ఆశగా. "తేలే" అంది ముక్తసరిగా. చుట్టూ ఉన్న సిమెంటు పగలగొట్టి, మట్టి తోడి, తాడు వేసి ఇద్దరూ ఊపిరి బిగబట్టి లాగితే రోలు పక్కకి ఒరిగింది. వాళ్ళలో పెద్దాయన గుంటలోకి వంగి చూసి, "ఏందమ్మా, కింద ఇంకో రోలున్నది?" అన్నాడు.

నేనూ శీనూ ఒకరినొకరు తోసుకుంటూ వంగాం. నిజమే. నల్లటి రాయి. నిలువునా రెండు చెక్కలుగా పగిలిన రుబ్బురోలు. రెండు ముక్కల్నీ దగ్గరగా చేర్చి పడుకోబెట్టి ఉంది. మధ్యలో చిన్నగా, నల్లగా, పిడి ఊడిపోయిన పొత్రం. అత్తగారిది నల్లటి రాయి కదా అన్న చిన్ననాయనమ్మ గొంతు చెవిలో వినబడింది. వెనక్కి తిరిగి చూస్తే బాలమణత్త కళ్ళనీళ్ళు కారుతుండగా నవ్వుతోంది.

"నేను జెప్పలే. సూశిన్రు గద, నేనైతే నోరు తెరువలే. దానంతటదే బయటవడ్డది" అంది ఆకాశం వైపు చూసి. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని మాకు చెప్పింది. "లారీలకెళ్ళి దించెటప్పుడు మా నాచారం బండ మీద వడ్డది బిడ్డా. రెండు ముక్కలయింది. మీ నాయన డ్యూటీల ఉన్నడు, లారోళ్ళు దించి వోయిన్రు. మీ నాయనమ్మ నేల మీద కూలవడి ఒకటే ఏడ్సుడు. నా తోటికోడలు ముందట నా పరువేం గావాలె అని. మా ఆయన సూడలేకవోయిండు. నాలుగొద్దులు కూలికి వోలే. ఇంట్ల కూసోని ఈ రోలు జేసిండు, పొత్రం జేసిండు. పాతదాన్ని పారేస్తరా అక్కా, దాని మీదనే దీన్ని నిలవెడత అన్నడు. ఎవ్వరికీ జెప్పనని మా ఇద్దరితోని ఒట్టు ఏపిచ్చుకున్నది."

ఆ పెరట్లో నిలబడి నేను తొమ్మిదేళ్ళ పిల్లనైపోయాను. ఇక్కడివాళ్ళకి ఉలి పట్టడం వచ్చా అని మా నాయనమ్మ అన్నది, మల్లయ్య మామ పోయిన నాలుగు నెలలకి, ఆయన చెక్కిన రోటి ముందు, ఆయన భార్య ఆయన చేసిన పొత్రం తిప్పుతుండగా. ఒక్క మాట చాలు, మా నాయనమ్మ పరువు తోటికోడలి కాళ్ళ దగ్గర పడేది. ఆ ఒక్క మాటా అనకుండా తన మొగుడి చేతిపనిని కడిగి, ఎత్తుకుని వెళ్ళిపోయింది ఈ మనిషి. ఇన్నేళ్ళుగా దీన్ని చాదస్తం అనుకున్నందుకు సిగ్గేసింది. ఇప్పుడు మా అపార్టుమెంట్లో ఎదురింటాయన పేరు నాకు తలుపు మీద బోర్డు చూస్తే గానీ తెలీదు. ఇడ్లీ పిండి ప్యాకెట్లో వస్తుంది, హాయిగానే ఉంది, అబద్ధమెందుకు? కానీ అలా మాట దాచుకునే మనిషి మాత్రం ప్యాకెట్లో రాదు.

అంతలో నా ఫోన్ మోగింది. కాకినాడ అన్నయ్య. "లారీ ఉప్పల్ దాటిందమ్మా. రోలు పైకి తీశారా? జాగ్రత్త, పగలకుండా చూడండి" అన్నాడు. నేను బాలమణత్త వైపు చూశాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, చేత్తో నోరు మూసుకుని చూపించింది. ఇంకా కాపలానే! ఇక నా నోట్లోంచి వచ్చిన మాట వెంకాయమ్మ మనవరాలిది: "అయ్యో అన్నయ్యా, ఏం చెప్పను! తీస్తుంటే గడ్డపార తగిలి రెండు ముక్కలైపోయింది. తప్పు మాదే. ముక్కలే పంపిస్తాం, మొక్కల మధ్య బాగానే ఉంటుందిలే." శీను వీడియో తీయడం ఆపేసి నా వైపు నోరు తెరుచుకుని చూశాడు. "అచ్చం మీ నాయనమ్మవే నువ్వు" అని కిసకిసా నవ్వింది బాలమణత్త.

నల్లరాయి ముక్కలూ వాటి మధ్య దొరికిన నల్లపొత్రమూ కాకినాడ వెళ్ళాయి. తెల్లరాయిని పనివాళ్ళు గోడ సందు పగలగొట్టి బాలమణత్త పెరట్లోకి దొర్లించారు. కోడలు లోపల్నుంచి పొత్రం తెచ్చి గుంటలో పెట్టింది. బాలమణత్త దాని మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. "ఇన్నేండ్లు గోదారి రుచి, గోదారి రుచి అంటివి గదక్కా. ఇప్పుడనూ సూద్దాం" అంది గోడ అవతల ఖాళీగా ఉన్న నాయనమ్మ పీట వైపు తిరిగి. నేను వచ్చేస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. "నువ్వు కథలు గిట్ల రాస్తవంట గద?" అంది. రాస్తానన్నాను. గొంతు తగ్గించి, "ఒట్టు ఏసింది నేను బిడ్డా. నువ్వైతే ఎయ్యలే గద" అంది.

వెయ్యలేదు. అన్నయ్యా, నువ్వు ఇది చదివితే నన్ను క్షమించు. నాచారంలో మేం పెరిగింది గోదావరి రోటి పిండితో కాదు, మల్లయ్య మామ చెక్కిన రోట్లో రుబ్బిన పిండితో.